కోటిలో ఒకడు

మెయిల్ వచ్చినప్పటి నుంచి ఎవరైనా తలుపు కొడితే చాలు, వీరభద్రం బాత్రూంలో దూరి గడియ పెట్టుకుంటున్నాడు.

ఈసారి కొట్టింది సింకు బాగుచేయడానికి వచ్చిన మనిషి.

"బయటికి రా భై. పోలీసోడు కాదు, ప్లంబరు," వినీత్ పగలబడి నవ్వాడు. "జైల్ల పప్పన్నం పెడ్తరో లేదో అడగాల్నా?"

"నోర్ముయ్‌రా," అన్నాడు శశికాంత్.

పిస్కాటవేలో రెండు గదుల అపార్ట్‌మెంట్. ముగ్గురు ఎం.ఎస్. కుర్రాళ్ళు. సోషల్ సెక్యూరిటీ నంబరు అందరికన్నా ముందు భద్రానికి వచ్చింది. అందుకని నెట్ కనెక్షన్ అతని పేరు మీద తీసుకున్నారు. నెట్‌లోంచి డబ్బు కట్టకుండా సినిమాలు దించేది అతను. చూసేది ముగ్గురూ. మనం ఒక సినిమా దించుకుంటున్నంతసేపూ అదే ఫైలు మన కంప్యూటర్ నుంచి ఇంకెవరికో పోతూ ఉంటుంది. ఆ పంచడమే పెద్ద నేరమట.

మెయిల్ సినిమా కంపెనీ లాయర్ల పేరుతో వచ్చింది. నీ మీద కేసు వేయబోతున్నాం, నీ వీసా సంగతి ఇమిగ్రేషన్‌కి రాస్తాం అని.

"సినిమా పేరు రాశార్రా. శనివారం దించానని కూడా రాశారు. నా పక్కన కూర్చుని చూసినట్టే రాశారు," అన్నాడు భద్రం బయటికొచ్చి.

"ఒరే, కోట్లమంది దించుతున్నారు," అన్నాడు శశికాంత్. "కేసు పడేది ఎందరి మీద? కోటికి ఒకడు. ఆ ఒక్కడివి నువ్వే ఎందుకవుతావ్?"

"ఆ ఒక్కడు కూడా ఇలాగే అనుకునుంటాడు."

"ఆ మెయిల్ డిలీట్ చెయ్. జవాబివ్వకు. ఏమీ కాదు. నా మాట విను."

"నువ్వేమన్నా లాయరువా?"



లాయర్ని అడగొచ్చు. యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల ఆఫీసు ఉంది, అక్కడా అడగొచ్చు. కానీ ఎఫ్-వన్ విద్యార్థి వీసా మీద వచ్చినవాడు అడగడు. అడిగితే ఒప్పుకున్నట్టేనని భయం. జ్వరం వచ్చినా, కారు గుద్దినా, టాక్సు కాగితాలు నింపాలన్నా వాడు అడిగేది రూమ్మేట్‌నే. సినిమా కంపెనీలకి కావలసిందీ ఇదే. అందరి మీదా కేసులు వేయక్కర్లేదు. ఎక్కడో ఒక ఇల్లాలి మీద వేసి పేపర్లో వచ్చేలా చూసుకుంటే చాలు. మిగతా పని భయం చేసిపెడుతుంది, జీతం అడక్కుండా.

భద్రం హార్డ్ డిస్క్ విప్పి పార్కింగ్‌లో సుత్తితో చితక్కొట్టాడు. దాంతోపాటు తన థీసిస్ కూడా పోయింది. ఆ సంగతి అతనికి గుర్తుందో లేదో!

ఇంకొక్క సెమిస్టర్ మిగిలింది. అది కాగానే పీహెచ్‌డీకి తన ల్యాబ్‌లోనే ఉంచుకుంటానని ప్రొఫెసర్ మాటిచ్చింది. క్షయకి మందు మీద పని. అన్నం తింటూ కూడా ఆ సూక్ష్మజీవుల గురించే చెప్పేవాడు భద్రం. "తినేటప్పుడు వద్దు స్వామీ," అని వినీత్ కంచం పట్టుకుని లేచిపోయేవాడు. ఇప్పుడు భద్రం ల్యాబ్‌కి పోవడం మానేశాడు. తినడమూ మానేశాడు.

శుక్రవారం పొద్దున ఎవరికీ చెప్పకుండా బయటికి పోయాడు. సాయంత్రం వచ్చాడు. ముఖం తేటగా ఉంది.

హాల్లో శశికాంత్ నిలబడి ఉన్నాడు. అప్పటిదాకా అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"భద్రం, కూర్చో. నీకో మాట చెప్పాలి."

"తెలుసులేరా. కోటికి ఒకడంటావ్. అంతేగా?" భద్రం షూస్ విప్పుకున్నాడు. "అయిపోయింది. చదువు మానేస్తున్నానని సంతకం పెట్టి వచ్చాను. వాళ్ళు తరిమేసేలోపు నేనే వెళ్ళిపోతే వీసా మీద మచ్చ ఉండదు. ఎప్పుడైనా మళ్ళీ రావచ్చు."

శశికాంత్ సోఫాలో కూలబడ్డాడు.

"ల్యాబో?" అన్నాడు వినీత్. ఈసారి నవ్వలేదు.

"అమ్మకి బాలేదని చెప్పాను. ప్రొఫెసర్ ఏడ్చిందిరా. నా సీటు ఒక అమ్మాయికి ఇచ్చేసింది. మంచి పిల్లే. బాగా చేస్తుంది."

"గింత పెద్ద నిర్ణయం... మాకొక్క మాట చెప్పొద్దా భై?"

"చెప్తే పోనిస్తారా?"

శశికాంత్ లేచి వెళ్ళి కుళాయి తిప్పి ముఖం కడుక్కున్నాడు. చాలాసేపు కడుక్కున్నాడు.

ఆదివారం నూవార్క్ ఎయిర్‌పోర్టుకి డ్రైవ్ చేసింది శశికాంతే. దారి పొడుగునా భద్రమే మాట్లాడాడు. కుక్కర్ రబ్బరు మార్చమన్నాడు. నెట్ తన పేరు నుంచి తీయించుకోమన్నాడు. "లేకపోతే మీ మీదకి కూడా వస్తార్రా," అన్నాడు.

డిపార్చర్స్ ముందు సూట్‌కేసులు దించారు.

"భద్రం..." అన్నాడు శశికాంత్.

"ఏడవకురా వెధవా. వినీత్ గాడు నవ్వాడు. నువ్వొక్కడివే నవ్వలేదు. రోజూ పక్కన కూర్చుని ధైర్యం చెప్పావ్. మా అమ్మకి నీ గురించి చెప్తాను."

గట్టిగా కావలించుకుని లోపలికి పోయాడు. వెనక్కి తిరిగి చెయ్యూపాడు. గాజు తలుపులు మూసుకున్నాయి.

కారు తీయమని పోలీసు వచ్చి అద్దం మీద కొట్టాడు. శశికాంత్ స్టీరింగ్ మీద తల పెట్టుకుని అలాగే ఉండిపోయాడు.

భద్రం డౌన్‌లోడ్లతో నెట్ ఆగిపోయి తన ఉద్యోగం ఇంటర్వ్యూ మధ్యలో తెగిపోయిన కోపంలో, నాలుగు రోజులు భయపెడదామని, లాయర్ల పేరుతో ఆ మెయిల్ రాసినవాడు శశికాంత్.