కోపం తీసేసిన ఆపరేషన్

చొక్కా కాలర్ మీద ఇస్త్రీపెట్టె మొనంత మచ్చ పడింది. ఆమె పెట్టె పైకెత్తేసరికే కమురు వాసన దుకాణమంతా పాకింది. అది బ్యాంకు మేనేజరు చొక్కా. కొత్తది.

ఎదురుగానే ఉన్నాడు మొగుడు. ఈ లాండ్రీకి యజమాని. వీధిలోవాళ్లు అతనికి పెట్టిన పేరు చిటపటలు. ఎదుట అనరు, వెనక అనకుండా ఉండరు.

ఆమె తల దించుకుని నిలబడింది. భయం వెయ్యలేదు. భయపడటం ఎప్పుడో మానేసింది. అతను అరుపులు మొదలుపెట్టాడంటే చాలు, ఆమె మనసు మొద్దుబారిపోయేది. ఆ పైన తిట్లన్నీ పక్కింట్లో ఎవరినో తిడుతున్నట్టు వినబడేవి.

అతను చొక్కా అందుకుని మచ్చని గోటితో గీకాడు. మెడ నరం ఉబ్బింది. నోరు తెరిచాడు. అంతలో ఎడమచెయ్యి పక్కటెముకల కిందికి పోయింది.

“పోనీలే,” అన్నాడు మెత్తగా. “మేనేజరుగారికి నేను చెప్పుకుంటాలే. నీ చెయ్యి కాలలేదుగా?”

అని నెమ్మదిగా అడుగులేసుకుంటూ వెనక గదిలోకి వెళ్లిపోయాడు.

మూల స్టూలు మీద గుండీలు కుడుతున్న అత్తగారు సూది ఆపింది.

“చూశావా అమ్మాయ్? కోపం కోసం తడుముకున్నాడు. అక్కడ ఉంటేగా!”

నెలన్నర కిందట, మరక పోలేదన్న పాపానికి ఒక గిరాకీని తరుముతూ దుకాణం మెట్ల మీంచి దొర్లాడు చిటపటలు. కడుపులో ప్లీహం చితికింది, తీసెయ్యక తప్పదన్నారు. డాక్టరు ప్లీహం అన్నాడు, అత్తగారు బల్ల అంది. మనిషికి కోపం నిలవుండేది అందులోనేనని ఆవిడ ఆసుపత్రి వరండాలోనే తేల్చేసింది.

కోడలు నమ్మలేదు. కానీ ఇంటికొచ్చిన మనిషి ఒక్కసారైనా గొంతు పెంచితే ఒట్టు. కూరలో ఉప్పు లేకపోతే పైన చల్లుకు తిన్నాడు. ఆమె చేతిలోంచి గ్లాసు జారి పగిలితే కాళ్లు పక్కకి పెట్టుకున్నాడు. పక్క దుకాణం దర్జీ ఇదంతా చూసి, “మా ఆవిడకి కూడా ఆ ఆపరేషన్ చేస్తారేమో కనుక్కోమ్మా” అని చెప్పి మరీ వెళ్లాడు.

“ఇవాళ ఆసుపత్రికి వెళ్తున్నాంగా అత్తయ్యా, డాక్టరుగారిని అడగనా? నిజంగా దానివల్లేనా అని.”

“నోరు మూసుకుని ఊరుకో. అయ్యో పొరపాటైందని మళ్లీ తెచ్చి పెట్టేస్తాడేమో.”

ఫోన్ మోగింది. ఆమె తీసుకుని దుకాణం బయటికి వచ్చింది. అక్క. వేరే ఊళ్లో ఒక పెద్ద హాస్టల్ లాండ్రీలో పనిచేస్తుంది.

“ఏం తేల్చుకున్నావే? ఇవాళ మాట ఇవ్వకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఉండటానికి గది కూడా ఇస్తున్నారు. నాది పూచీ అని చెప్పి ఆపించాను.”

ఆ ఉద్యోగం చూడమని అక్కని బతిమాలింది తనే. ఈ ఇంట్లోంచి బయటపడటానికి అంతకంటే వేరే దారి కనబడలేదు. ఆపరేషన్‌కి ముందే సంచి సర్దుకుని మంచం కిందికి తోసింది కూడా.

“ఆయన మారిపోయారక్కా.”

“మారాడా, మారినట్టున్నాడా?”

“ఇందాకే చొక్కా కాల్చాను. చెయ్యి కాలిందా అని అడిగారు.”

ఆ చొక్కా ఆపరేషన్‌కి ముందు కాలి ఉంటే ఇస్త్రీపెట్టె ఎక్కడికి ఎగిరేదో అక్కకీ తెలుసు.

“నీ ఇష్టం. మళ్లీ మళ్లీ వచ్చేది కాదు. బాగా ఆలోచించుకో.”

“ఆలోచించాను. ఇచ్చెయ్యమను ఎవరికైనా. నేను రాను.”

ఫోన్ పెట్టేసి, సంతోషం వస్తుందేమోనని అలాగే నిలబడింది. రాలేదు. ఏడుపూ రాలేదు. ఇంట్లోకి వెళ్లి, మంచం కింది సంచి బయటికి లాగి బట్టలన్నీ తిరిగి బీరువాలో పెట్టింది. తన చేతులు ఆ పని చేస్తుంటే ఊరికే చూస్తూ ఉన్నట్టుంది ఆమెకు.

ఆసుపత్రికి బస్సులో వెళ్లారు. కిటికీలోంచి ఎండ ఆమె మొహం మీద పడుతుంటే అతను చూశాడు.

“ఇటు వచ్చి కూర్చో. నేను అటు కూర్చుంటాలే,” అన్నాడు.

అప్పుడు కదిలింది ఆమె లోపల ఏదో. తిమ్మిరెక్కిన కాల్లోకి మళ్లీ నెత్తురు పారినట్టు చురుక్కుమంది. ఇదేనేమో సంతోషం అనుకుంది. అక్కకి చెప్పింది సబబేననుకుంది. బస్సు దిగేటప్పుడు, పెళ్లయ్యాక మొదటిసారి, తనంతట తాను అతని చెయ్యి పట్టుకుంది.

డాక్టరు అతన్ని పడుకోబెట్టి పొట్ట నొక్కి చూశాడు. పొడుగాటి కుట్ల గాటు మీద వేలు పోనిచ్చాడు.

“బ్రహ్మాండంగా అతుక్కుంది. ఇక మీకే ఇబ్బందీ లేదు. మెట్లెక్కండి, బరువులెత్తండి, అన్నీ మామూలే. జ్వరం వస్తే మాత్రం వెంటనే రండి. ఇంకేమైనా అడగాలా?”

ఆమెకు అడగాలనిపించింది. అత్తగారి మాట గుర్తొచ్చి ఊరుకుంది.

అతను లేచి కూర్చుని చొక్కా గుండీలు ఒక్కొక్కటే పెట్టుకున్నాడు. పెళ్లాం వైపు ఒకసారి చూసి, డాక్టరు వైపు వంగి, అదే మెత్తని గొంతుతో అడిగాడు.

“ఇన్నాళ్లూ కుట్లు ఊడతాయని బిగబట్టుకుని కూర్చున్నానండీ. ఇక అరవొచ్చా?”