అత్తయ్యకు బెర్రీ వైద్యం

"ఇంకో నాలుగు నోట్లో వేసుకోండత్తయ్యా. మందనుకోండి."

"నువ్వు తింటేనే నేను తింటా. ఒక్కదాన్నే కూర్చుని మేయడం నాకు చేతకాదమ్మాయ్."

కోడలు గిన్నెలోంచి గుప్పెడు బ్లూబెర్రీలు తీసి తనూ నోట్లో వేసుకుంది. ఇంట్లో ఆమెను కంగారమ్మ అంటారు. ఆ పేరు నిలబెట్టుకోవడంలో ఏనాడూ వెనకబడలేదు. బిడ్డ తుమ్మితే న్యుమోనియా అని భయం, తుమ్మకపోతే ముక్కు మూసుకుపోయిందని బెంగ.

పోయిన నెల బిడ్డకు టీకా వేయించడానికి వెళ్లినప్పుడు, డాక్టరమ్మ పనిలో పనిగా అత్తాకోడళ్లిద్దరికీ బీపీ చూసింది. ఇంతలో బిడ్డ గుక్కపట్టడంతో కోడలు ఎత్తుకుని బయటికి పరుగెత్తింది. కాసేపటికి అత్తయ్య తాపీగా వచ్చింది.

"నాకు బీపీ ఎక్కువుందట. పండ్లు తిని, ఉప్పు తగ్గించి, నెలాగి రమ్మంది. అప్పటికీ దిగకపోతే మాత్రలేనట."

కోడలి కన్నతల్లిని పొట్టన పెట్టుకున్నదీ ఆ మాయదారి బీపీయే. ఇప్పుడు ఈ తల్లి కూడా పోతే తనకు దిక్కెవరు?

ఆ రోజు నుంచి ఫోనే గురువు. ఎనిమిదో తరగతిలో ఆగిన చదువు మళ్లీ మొదలైంది. బెర్రీలు తింటే బీపీ కాస్త తగ్గవచ్చని ఒకచోట చదివింది. 'కాస్త', 'వచ్చు' అన్న ముక్కలు నచ్చక వాటిని వదిలేసింది.

"డాక్టరుగారూ, కూరలో ఉప్పేది?" అన్నాడు మొగుడు.

"మీకు ఉప్పు కావాలా, మీ అమ్మ కావాలా?"

పాపం, అతను చప్పిడి కూరే మింగాడు.

నెల తిరిగింది. డాక్టరమ్మ గదిలో అత్తయ్య బల్లమీద కూలబడి, "ముందు అమ్మాయికి చూడండి. నాకింకా మెట్లెక్కిన ఆయాసం తగ్గలేదు," అంది.

డాక్టరమ్మ కోడలి చేతికి పట్టీ చుట్టి చూసింది. "బాగుంది," అంటూ పట్టీ విప్పి పెట్టెలో సర్దేసింది.

"అయ్యో, సర్దేశారేంటండీ? అసలు మనిషికి చూడందే? నెలంతా గిన్నెలకు గిన్నెలు తినిపించాను. దిగకపోతే నా వైద్యం మండిపోనూ."

డాక్టరమ్మ అత్తయ్య వైపు చూసింది. అత్తయ్య ఫ్యాను వైపు చూసింది.

"ఆవిడకెందుకమ్మా, బీపీ వచ్చింది నీకైతే?"