చైన్ లేని బండి

ఇంజన్ చల్లారనిదే వాల్వులు ముట్టుకోకూడదని మెకానిక్ ఎల్లస్వామి పట్టుదల. అందుకే పొద్దున్నే పటేలు మోటార్‌సైకిల్ ఇంజన్ విప్పి, అరిగిన క్యామ్ చైన్ తీసేసి, షెడ్డుకు తాళం వేశాడు. తాళంచెవి పొత్తుదారు కురుమయ్యకిచ్చి కల్వకుర్తి సంతకు పోయాడు. ఎవరికీ ఇవ్వనని కురుమయ్య పిల్లల మీద ఒట్టేశాడు.

రాత్రి సంత నుంచి తిరిగొచ్చి, షెడ్డు తెరిచి, కందీలు వెలుగులో ఇంజన్ మీద చెయ్యి పెడితే చురుక్కుమంది.

చైన్ లేనిదే వాల్వులు కదలవు, బండి నడవదు. పాత చైన్ కిరోసిన్ గిన్నెలోనే ఉంది. కొత్తదాని పొట్లం విప్పనే లేదు. అయినా, వానల్లేని వైశాఖంలో, చక్రాల నిండా తడి మట్టి. చల్లారుతున్న ఇనుము టిక్కు టిక్కుమంటోంది.

"పదేండ్ల దోస్తానా కురుమన్నా," ఎల్లస్వామి కందీలు కురుమయ్య మొహం దగ్గరికి ఎత్తాడు. "తాళంచెవి ఎవలకిచ్చినవ్?"

కురుమయ్య తలెత్తలేదు.

"చైన్ లేదు, నడ్వదని చెప్పిన ఎల్లన్నా. మాకు గా చైన్ అక్కెర లేదన్నరు."