ఎత్తులో సగం

“ఊపిరి వదలమంటే బిగబడతావేంటే? వదులు!”

నర్సు చేతిలో టేపు, టేపు మధ్యలో పదేళ్ల పాప. బుగ్గలు పొంగించి, పొట్టని వీలైనంత లోపలికి లాగి, గోడ కేసి చూస్తూ కొయ్యబొమ్మలా నిలబడింది. ముఖమంతా కందిపోయింది.

“వదిలాను ఆంటీ,” అంది, పెదవులు కదపకుండానే.

“నాకు తెలీదా నీ వేషాలు!”

తెర అవతల వంతు కోసం కూర్చున్నవాళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వారు. గుడ్డ తెర మాటల్ని ఏం ఆపుతుంది? ఈ నర్సు గొంతునైతే గోడ కూడా ఆపలేదు. పాప తల్లి చేతిసంచీని గుండెలకు అదుముకుని మూలకి జరిగింది. సిగ్గుతో చచ్చిపోతోంది.

టేపు అరవై తొమ్మిది సెంటీమీటర్లు చూపించింది. పాప ఎత్తు నూట నలభై.

“సగానికి తక్కువే వచ్చింది కదా! రాసేసుకోండి ఆంటీ,” అంది పాప గబగబా. ఆ గబగబాలో బిగబట్టిన గాలంతా బయటికి పోయింది. టేపు నర్సు వేళ్ళ మధ్య సర్రున జారి డెబ్బై ఆరు దగ్గర ఆగింది.

“అది లెక్కలోకి రాదు! మళ్ళీ కొలవండి!”

నర్సు పాపని వదిలేసి తల్లి మీద పడింది.

“పోయినసారి డెబ్బై నాలుగు. ఇప్పుడు డెబ్బై ఆరు! ఏమ్మా, నడుము ఎత్తులో సగం దాటకూడదని చిలక్కి చెప్పినట్టు చెప్పానా లేదా? బరువొక్కటే కాదమ్మా, పొట్ట చుట్టూ కొవ్వు చేరితే ఇంకా ప్రమాదం. షుగరు, బీపీ, లివరు... ఇంత పసిదానికి అవన్నీ కావాలా? కన్నతల్లివి, నువ్వు చూసుకోకపోతే ఎవరు చూస్తారు?”

“చిరుతిళ్ళు మానిపించానండీ. స్కూలుకి కూడా నడిపించే తీసుకెళ్తున్నా...”

“మరి గాలి తిని పెరిగిందా?”

తెర అవతల మళ్ళీ నవ్వులు. నేల చీలి తనని లోపలికి తీసుకుంటే బాగుండుననిపించింది ఆ తల్లికి. “తప్పు నాదేనండీ,” అంది నెమ్మదిగా.

“మా అమ్మనేం అనకండి!” పాప ఒక్క అరుపు అరిచింది. కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి.

నర్సు చెడ్డదేం కాదు. నోరు పెద్దదే గానీ మనసు వెన్న. ఆ నీళ్ళు చూడగానే మెత్తబడిపోయింది. ఈ వయసులో ఆడపిల్లలకి సిగ్గు మొదలవుతుంది, తల్లి ఎదుట కూడా పొట్ట చూపించుకోలేరు, అనుకుంది. తల్లిని కాసేపు బయట కూర్చోమంది. ఆమె ఎవరి ముఖమూ చూడకుండా వెళ్ళి బల్ల చివర కూర్చుంది.

నర్సు పాప ముందు గొంతుక్కూర్చుని, గొంతు తగ్గించింది. ఆమెకది అలవాటు లేని పని.

“చూడు బంగారూ. డాక్టరుగారు ఈ కొలత చూసే రక్తపరీక్ష చేయించాలా వద్దా చెప్తారు. నువ్వు దొంగ కొలత ఇస్తే లోపల ఏం జరుగుతోందో ఎలా తెలుస్తుంది? నష్టం ఎవరికి?”

“నాకే. ఫర్లేదు. డెబ్బై రెండు వెయ్యండి.” కాసేపు ఆలోచించింది. “పోనీ, డెబ్బై మూడు.”

“ఇదేమన్నా కూరగాయల బేరమా?” నర్సుకి నవ్వాగలేదు. “సూది గుచ్చుతారని భయమా?”

పాప అడ్డంగా తలూపింది.

“మరి లావుగా ఉన్నానని సిగ్గా? నా దగ్గర నీకు సిగ్గేంటే పిచ్చిపిల్లా!”

“సిగ్గు కాదు.” పాప ఓసారి తెర వైపు చూసి, నర్సు చెవి దగ్గరికి వంగింది.

“పోయినసారి మీరు తిట్టిన దగ్గర్నుంచీ మా అమ్మ రాత్రిపూట అన్నం తినట్లేదు ఆంటీ.”