కొట్టుగదిలో పీపాలు

అరవై ఎనిమిది డిసెంబరు. ఆ ఉదయం తార్నాకలో మంచు బాగా కురిసింది. నీళ్లు కాచి, పాలు దించి, ఎప్పటిలాగే ప్రార్థనకు కొట్టుగదిలోకి దిగి తలుపేసుకున్నాను. తమ్ముడు ఏలియా బీరు పీపాలూ అక్కడే ఉన్నాయి. బార్లీని మొలకెత్తించి, ఎండబెట్టి, హాప్స్ అనే చేదుపూలు వేసి కాచి, చల్లార్చి, ఈస్టు కలిపాడు. పీపాలు బుసబుసమంటున్నాయి.

కొవ్వొత్తి నేల మీద పెట్టగానే ఆరిపోయింది. మళ్లీ వెలిగిస్తే మళ్లీ ఆరింది. తల తేలికయింది. ప్రభువు దగ్గరికొచ్చాడనుకున్నాను.

అప్పుడే యూనివర్సిటీ హాస్టల్ నుంచి వచ్చిన ఏలియా నన్ను బయటికి ఈడ్చాడు.

“తలుపెందుకు మూసినవక్కా? బీరు పులిసేటప్పుడు గ్యాసు వస్తది, నేల మీదనే పేరుకుంటది. దాంట్ల మనిషి బతకడు!”

“దేవుడు తోడుంటే ఏమయితదిరా?”

“దేవునికి ఊపిరి అక్కర్లేదు. నీకు కావాలె.”

నవ్వబోయి ఆగిపోయాడు. ముఖం పాలిపోయింది.

“అమ్మ గీడనే చాపేసుకొని పండుకునేది గదా. ఆ రాత్రి తలుపు మూసుకున్నదా అక్కా?”

“పాలు చల్లారుతున్నయి, రారా” అన్నాను.

అమ్మ పోయి నెల కాలేదు. అప్పుడూ ఆ గదిలో వాడి పీపాలు పులుస్తూనే ఉన్నాయి. నిద్రలోనే పిలుచుకున్నావని దేవునికి చర్చిలో స్తోత్రాలు చెప్పుకున్నాం.

ఆ సాయంత్రం ఏలియా లేనప్పుడు ఇంటిల్లిపాదీ కూర్చుని ఒక మాట మీదికి వచ్చాం. ఆ రాత్రి తలుపు తెరిచే ఉందని వాడికి చెప్పాలి.