పచ్చ గుర్తు

ముందు కంపు వచ్చింది. దాని వెనకాలే మనిషి వచ్చాడు.

డిజైనర్ చేతిరుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

పెద్దాయన చొక్కా నిండా పసుపుపచ్చ చారలు, ఎండి అట్టకట్టి ఉన్నాయి. చేతిలో సీసా. అందులో కాస్త మసకబారిన నీళ్ళు.

"నీళ్ళ చార్టు చేసింది మీరేనా అమ్మా?"

"నిన్ను లోపలికి ఎవరు రానిచ్చారు?"

"అది తప్పుగా ఉందమ్మా. ఒక వీధి మీద నొక్కితే ఇంకో వీధి తెరుచుకుంటోంది."

పక్క సీట్లో సీనియర్ కుర్చీతో సహా కిటికీ దగ్గరికి జరిగాడు. "నా టిఫిన్ బయటికి రాకముందే పంపించెయ్ తల్లీ!"

ఏ వీధికి ఎన్ని నీళ్ళు వదులుతున్నారో జనానికి ఫోన్లో చూపే చార్టు అది. వీధికో స్తంభం. స్తంభం మీద నొక్కితే ఆ వీధి నీళ్ళ పరీక్ష ఫలితం తెరుచుకుంటుంది. పచ్చ గుర్తుంటే తాగొచ్చు. ఎర్ర గుర్తుంటే నోట పెట్టకూడదు.

చార్టు ఉత్త బొమ్మే. నొక్కుడంతా దాని మీద పరిచిన, కంటికి కనిపించని గళ్ళలో ఉంటుంది. ఏ గడి మీద వేలు పడితే ఆ గడికి కట్టిన వీధి పేజీ తెరుచుకుంటుంది. ఆ గళ్ళు పరచడంలో ఆమెది అందె వేసిన చెయ్యి.

"రోజూ చూస్తూనే ఉన్నాను. బొమ్మ లక్షణంగా ఉంది," అంది.

"బొమ్మకేం, బాగానే ఉంది. నొక్కితేనే... మా వీధికి ఎర్ర గుర్తొచ్చిందమ్మా. హడలిపోయి నీళ్ళు పరీక్ష చేయించాను. అద్దంలా ఉన్నాయన్నారు. తీరా చూస్తే పేజీ అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో, వేరే వీధి పేరుంది. ఆ ఎర్ర గుర్తు వాళ్ళదమ్మా! పొద్దున్నే అక్కడికి పరిగెత్తాను. ఒకావిడ తలుపు తీస్తూనే..."

"కథలొద్దు."

"ఏ వీధో అయినా చెప్పనివ్వండి."

"నాకక్కర్లేదు."

"పోనీ, ఒక్కసారి వాసన చూడండి." మూత తీశాడు.

ఆమె అసహ్యంగా మొహం తిప్పుకుంది.

"ఛీ! మూత పెట్టు! మీ వీధి నీళ్ళు బాగానే ఉన్నాయిగా? ఇంక నీకెందుకయ్యా ఈ గోల?"

పెద్దాయన ఆమె వంక వింతగా చూశాడు, అదేం ప్రశ్నో అర్థం కానట్టు.

"వాళ్ళు తాగుతున్నారు కదమ్మా."

"వాచ్‌మన్!"

వాచ్‌మన్ వచ్చాడు. ముట్టుకోవడానికి మనసొప్పక, నేల తుడిచే కర్ర తీసుకుని దాంతో వీపు మీద నెట్టాడు. గుమ్మం దగ్గర పెద్దాయన తలుపు పట్టుకుని వెనక్కి తిరిగాడు.

"ముందు వాళ్ళకి కనబడే ఆ పచ్చ గుర్తు తీసెయ్ తల్లీ. నన్ను తర్వాత గెంటిద్దువుగాని."

తలుపు పడింది.

ఆమె గదంతా సెంటు కొట్టింది. బల్ల మీద వదిలేసి వెళ్ళిన సీసాని కాగితంతో పట్టుకుని చెత్తబుట్టలో పడేసింది.

"ఇలాంటి వాడితో ఇంట్లో ఆడవాళ్ళు ఎలా వేగుతారో!" అన్నాడు సీనియర్.

"ఉంటే కదా వేగడానికి! ఈ కంపుకి ఎప్పుడో పారిపోయుంటారు."

ఇద్దరూ పగలబడి నవ్వారు.

మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది.

"మీ అమ్మగారు ఇక్కడున్నారండీ. ఇప్పుడే తెలివొచ్చి మీ నంబరు చెప్పారు."

దారి పొడుగునా, పొద్దున ఇంట్లో అమ్మతో మాట్లాడిన మాటలే చెవిలో గింగురుమన్నాయి.

"కడుపులో తిప్పుతోందే. నీళ్ళు కూడా అదోలా ఉన్నాయి," అంది అమ్మ.

ఆమె చెప్పులేసుకుంటూనే ఫోన్ తీసి, తమ వీధి స్తంభం మీద నొక్కి చూపించింది. "ఇదిగో, పచ్చ గుర్తు. నా చేత్తో చేసిన చార్టమ్మా ఇది. నీకన్నీ అనుమానాలే. నీళ్ళు బాగా తాగి పడుకో."

వార్డులో మంచానికి ఇద్దరున్నారు. కింది వాటా ఆవిడ. మలుపులో దర్జీ. దర్జీ మనవరాలు. అందరూ తమ వీధి వాళ్ళే.

"ఇందాకటి నుంచి వస్తూనే ఉన్నారు," అంది నర్సు.

అమ్మ కళ్ళు మూసుకుని పడుకుంది. చేతికి సెలైను.

ఆమె ఫోన్ తీసింది. తమ వీధి మీద నొక్కింది. పచ్చ గుర్తు. మొట్టమొదటిసారి పేజీ అడుగుదాకా వెళ్ళింది.

చీమ తలకాయంత అక్షరాలు. వేరే ఎవరిదో వీధి పేరు.

కిందటి వారం బాస్ అన్నాడు, "స్తంభాలు పొట్టి నుంచి పొడుగుకి మెట్లలా ఉంటే ముచ్చటగా ఉంటుంది," అని. స్తంభాలన్నీ వరస మార్చి, కొత్త బొమ్మ పెట్టింది. గళ్ళు మాత్రం ఎక్కడివక్కడే ఉండిపోయాయి.

మళ్ళీ అసహ్యం వేసింది. ఈసారి తన మీద తనకే.

సీనియర్‌కి ఫోన్ చేసింది. "చార్టు తీసెయ్. మొత్తం తీసెయ్. బాస్‌ని అడక్కు, ముందు తీసెయ్!"

తర్వాత నర్సు వైపు తిరిగింది. "మా అమ్మని ఎవరు తీసుకొచ్చారు?"

"ఒక పెద్దాయన. మీ బంధువు కారా? బండి దొరక్క చేతుల మీద ఎత్తుకొచ్చారు పాపం. పేరడిగినా చెప్పలేదు. కాస్త ఒళ్ళు కడుక్కుని వెళ్ళండంటే వింటేనా! ఆ చార్టు చేసిన వాళ్ళ దగ్గరికి వెంటనే పోవాలని పరిగెత్తారు."

నర్సు మంచం కింద నుంచి ఒక మూట తీసి ఇచ్చింది. "అమ్మగారి బట్టలు. ఉతికించుకోండి."

ఆమె ముడి విప్పింది. పొద్దున ఆఫీసులో సెంటు కొట్టి తరిమిన కంపే గుప్పున లేచింది. ఆ పెద్దాయన చొక్కా మీద ఎండి అట్టకట్టింది ఆమె అమ్మ వాంతి.