పుట్టినరోజు దొంగలు

"ఆగస్టు తొమ్మిది. ఈ తూరి మన తేదీ ఇదే," అన్నాడు జడ్సన్ ఫోను జేబులో పెట్టుకుంటూ. "రెస్టారెంటుకు చెప్పేసినా. అర కేజీ కేకు ఫ్రీ. పాట కూడా పాడతారంట."

"ఎవురన్నా పట్టుకుంటే?" అన్నాడు రఫీ.

"రెండేళ్లుగా ఎవురు పట్టుకున్నారబ్బయా?"

నిజమే. రెండేళ్లుగా ఈ ముగ్గురు స్నేహితులు నెలకొకసారి ఇదే మోసం చేస్తున్నారు, ఒక్కరికీ అనుమానం రాలేదు. పద్ధతి చాలా సులువు. పుట్టినరోజుకు ఉచితంగా కేకు ఇచ్చే హోటలు ఎక్కడుందో ఏసీ మెకానిక్ జడ్సన్ వెతికిపెడతాడు. కర్టెన్ల షాపు రఫీ కారు తీస్తాడు. బర్త్‌డే బాబు మాత్రం ఎప్పుడూ కృపాదానమే. "నీది పసిపిల్లోడి మొగంరా, నిన్ను ఎవురూ అనుమానించరు," అని జడ్సన్ మొదట్లోనే తేల్చేశాడు. నెల్లూరు, గూడూరు, నాయుడుపేట... ఒక్కో హోటల్లో ఒక్కసారే.

శనివారం మధ్యాహ్నం మైపాడు రోడ్డులో కొత్తగా తెరిచిన రెస్టారెంటులో ముగ్గురూ కూర్చున్నారు. రొయ్యల వేపుడు, బిర్యానీ, చేపల పులుసు అయ్యాక కేకు వచ్చింది. ఆరుగురు సిబ్బంది చుట్టూ చేరి చప్పట్లు కొట్టారు. కృపాదానం నెత్తిన అట్ట కిరీటం పెట్టారు. అతను ఎప్పటిలాగే కళ్లు గట్టిగా మూసుకుని, ఏదో కోరుకుని, కొవ్వొత్తి ఊదాడు. మొదటి ముక్క జడ్సన్ నోట్లోకి వెళ్లాల్సింది ముక్కుకు పూసుకుంది. రఫీ నవ్వు ఆపుకోలేక వీడియో ఆపేశాడు.

చప్పట్లు కొట్టనిది ఒక్క సుబ్బు. యాభై దాటిన ఆ సర్వరు కృపాదానం మొహాన్నే కాసేపు చూసి, కౌంటరు దగ్గరున్న మేనేజరు రెజీనా దగ్గరికి వెళ్లాడు.

"మేడమ్, నేను నాయుడుపేట హోటల్లో చేసేటప్పుడు ఈయన ఫిబ్రవరిలో కేకు కోసినాడు. కిరీటం పెట్టింది నేనే."

రెజీనా మోసం సహించే మనిషి కాదు. వెంటనే అతని ఫోటో తీసి హోటలు మేనేజర్ల వాట్సాప్ గ్రూపులో పెట్టింది. పది నిమిషాల్లో ఫోటోలతో సహా నాలుగు జవాబులు వచ్చాయి. గూడూరులో ఏప్రిల్. నెల్లూరులో నవంబరు, మే. చిల్లకూరు హైవే మీద జూన్. అన్ని ఫోటోల్లోనూ అదే మొహం, నెత్తిన అలాంటి కిరీటమే.

ఆమె ఫోను తెచ్చి వాళ్ల బల్ల మీద పెట్టింది.

"ఏడాదికి ఎన్నిసార్లు పుడతారు సార్ మీరు?"

కృపాదానం చేతిలో కేకు ముక్క అలాగే ఆగిపోయింది. రఫీ పైన తిరిగే ఫ్యానును శ్రద్ధగా చూడసాగాడు.

"మనిషిని పోలిన మనుషులు ఏడుగురుంటారు గదా మేడమ్..." అన్నాడు జడ్సన్.

"ఆధార్ చూపించండి."

కృపాదానం పర్సులోంచి తీసి ఇచ్చాడు. అందులో పుట్టిన తేదీ జులై ఒకటి.

"ముగ్గురూ సంపాదించుకుంటున్నారు. అర కేజీ కేకు కోసం ఇంత అబద్ధమా? మీ చొక్కా మీద పేరున్న రొయ్యల మేత కంపెనీ ఇందుకూరుపేటలోదే కదా? మీ జీఎం గారు ప్రతి ఆదివారం ఇక్కడే భోంచేస్తారు. రేపు ఈ ఫోటోలు ఆయనకే చూపిస్తాను."

కృపాదానం మొహం పాలిపోయింది. అతనికి సూపర్‌వైజరుగా ప్రమోషన్ వచ్చి ఇంకా నెల కాలేదు.

"తప్పు నాదే మేడమ్. వీళ్లనేమీ అనబాకండి. కేకంటే వీళ్లిద్దరికీ ప్రాణం. నేనే వద్దని చెప్పలేకపోయినా."

జడ్సన్ అతని భుజం తట్టాడు. "రేయ్ కృపా, చేతికంతా క్రీమే. పోయి కడుక్కో పో."

అతను వెళ్లగానే జడ్సన్ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. ఆ మనిషిలో అంతసేపూ ఉన్న నవ్వు ఇప్పుడు లేదు. రెజీనాకు మాత్రమే వినబడేటట్టు రెండు నిమిషాలు మాట్లాడాడు. కృపాదానం వస్తున్నాడేమోనని రఫీ ఆ వైపే కాపలా చూస్తున్నాడు.

దూరంగా నిలబడ్డ సుబ్బుకు ఒక్క మాటా అందలేదు. రెజీనా ఫోను తీసుకుని ఆ ఫోటోలు ఒక్కొక్కటే చెరిపేయడం మాత్రం కనబడింది. తర్వాత ఆమె లేచి వంటగదిలోకి వెళ్లింది.

కృపాదానం తిరిగి వచ్చేసరికి బల్ల మీద ఇంకో కేకు ఉంది. ఇందాకటికి రెండింతలుంది. వంట మాస్టర్లు టోపీలతో సహా బయటికొచ్చి నిలబడ్డారు. పక్క బల్లల వాళ్లు కూడా లేచారు. రెజీనా గొంతెత్తి పాట అందుకుంది.

"మళ్లీ ఎందుకు మేడమ్?" అన్నాడు కృపాదానం బిత్తరపోయి.

"మొదటిసారి మావాళ్లు సరిగ్గా పాడలేదు. ఊదండి."

అతను మళ్లీ కళ్లు గట్టిగా మూసుకున్నాడు. హాలంతా చప్పట్లతో మారుమోగింది.

వాళ్ల కారు గేటు దాటాక సుబ్బు ఇక ఆగలేకపోయాడు.

"ఏంది మేడమ్ ఇది? దొంగల్ని పట్టిస్తే పెద్ద కేకు పెట్టి పంపించినారే! ఈరోజు ఆయన పుట్టినరోజు కాదని ఆధార్‌లోనే తేలిపోయింది గదా?"

రెజీనా కళ్లు తుడుచుకుంది. "ఊహ తెలియనప్పుడు గూడూరు స్టేషన్లో దొరికినాడంట సుబ్బన్నా. జులై ఒకటి, పెంచిన అనాథల హాస్టలు వాళ్లు ఊరికే రాసిన తేదీ. ఏదో ఒక తూరి అసలు రోజు తగలకపోతుందా అని ఈ ఇద్దరూ కేకు వంకతో తేదీలు మారుస్తా ఉండారు... ఇప్పుడు చెప్పు, ఈరోజు కాదని నువ్వెట్ట అంటావ్?"